ఆగి ఉన్న మనిషి

ఆ ఎండాకాలం నేను నాందేడ్‌లో పోలీసు బండి నడిపేదాన్ని. మా ఠాణాలో ఆడ డ్రైవర్‌ని నేనొక్కదాన్నే. మా నాన్న మారోతి ముప్పై ఒక్క ఏళ్లు మహారాష్ట్ర సర్కారు వాళ్ల ఎస్టీ బస్సు నడిపి రిటైరయ్యాడు. అమ్మ పోయాక ధర్మాబాద్ ఇల్లు చిన్నాన్న వాళ్లకు వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. తరోడా నాకా అవతల రెండు గదుల అద్దె ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం. నాకు బండి నేర్పింది ఆయనే. ధర్మాబాద్ మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాలో, ఎవరిదో పాత జీపు అడిగి తెచ్చి నేర్పాడు. మేక అడ్డమొస్తే హారన్ కొట్టనిచ్చేవాడు కాదు. అది దాటిపోయేదాకా ఆగమనేవాడు. నాకు విసుగొచ్చేది.

ఒక మాట ముందే ఒప్పుకుంటాను. నాకు సైరన్ అంటే ఇష్టం. నాందేడ్ రోడ్ల మీద పగలు పదకొండు దాటితే ఆటోలు, కాలేజీ పిల్లల బైకులు, అరటిగెలల ట్రాక్టర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. నేను ఒక్క మీట నొక్కితే అవన్నీ పక్కకు జరిగేవి. భర్తీ రోజు మైదానంలో నా పొట్టితనం చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. కొత్తగా చేరినప్పుడు ఠాణాలో నా పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఆ మీట నొక్కినప్పుడు మాత్రం ఊరంతా నాకు దారి ఇచ్చేది. మొదట్లో నిజంగా ఎవరో ఆపదలో ఉన్నారని ఫోనొస్తేనే వేసేదాన్ని. రెండో ఏడు వచ్చేసరికి టీ చల్లారిపోతుందన్నా వేసేదాన్ని.

నా బండిలో వెళ్లేది శంకర్రావు సాహెబ్. మా దగ్గర సబ్ ఇన్‌స్పెక్టర్‌ని ఫౌజ్‌దార్ అంటారు. ఆయన దేగ్లూర్ మనిషి. అందరితో మరాఠీ, నాతో తెలుగు. చెడ్డవాడు కాదు. ఆడపిల్ల నడిపే బండి ఎక్కం అని కొందరు నసిగితే, "నా గాడీకి శుభాంగినే కావాలె" అని అడిగి తీసుకున్నది ఆయనే. ఆ కృతజ్ఞత నాకు ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మే రెండో వారం. మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. స్టీరింగ్ పట్టుకుంటే అరచేయి కాలుతోంది. సాహెబ్ తోడల్లుడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు, ఆ రోజు వాస్తుశాంతి. ఒంటిగంటకల్లా భోజనానికి రమ్మని అప్పటికే రెండుసార్లు ఫోనొచ్చింది. హింగోలీ గేటు దగ్గర ట్రాఫిక్ ఆగిపోయి ఉంది. ముందు ఎక్కడో ట్రక్కు చెడిపోయిందట.

"శుభాంగీ, ఎంతసేపు గిట్ల కూసుందాం? సైరన్ ఎయ్యి. గటు దిక్కునుంచి తియ్యి" అన్నాడు సాహెబ్.

డివైడర్‌లో సందు ఉన్న చోట బండిని అవతలి వైపుకు తిప్పాను. ఎదురుగా వచ్చే బండ్ల దారి అది. సైరన్ వింటూనే ముందున్న రెండు బైకులు ఓరకు పోయాయి. ఇంకో సందు వంద అడుగుల దూరంలో ఉంది. అక్కడ మళ్లీ మా వైపుకు వచ్చేద్దామని డివైడర్ పక్కనే వేగంగా పోనిచ్చాను. ఎదురుగా ఒక ఆటో వచ్చింది. వాడు ఆగలేకపోయాడు. నేను ఎడమకు తిప్పాను.

ఎడమ వైపు, డివైడర్ సందులో, ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పసుపు చీర. చేతిలో కర్ర. భుజాన మడిచిన ఖాళీ గోనెసంచి. ఆమె మా వైపు చూడటం లేదు. బండ్లు మామూలుగా వచ్చే దిక్కుకు తల తిప్పి, అటే చూస్తోంది. ఆమె వీపే నాకు కనిపించింది.

"అరే, అరే!" అని సాహెబ్ అరిచాడు. బ్రేకు తొక్కాను. బండి ముందు ఎడమ మూల ఆమె నడుము కింద తగిలింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. గోధుమ బస్తా దించినట్టు వచ్చింది, అంతే.

దిగి పరుగెత్తాను. ఆమె కింద కూర్చున్నట్టు పడి ఉంది. ఎడమకాలు తొడ దగ్గర వంకరపోయింది. ఏడవలేదు. "నా కట్టె యాడ పోయింది, నా కట్టె" అని చేత్తో నేల తడుముతోంది. తెలుగులో. జనం గుమిగూడారు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే సాహెబ్ గద్దించాడు. ఆమెను మా బండిలోనే పడుకోబెట్టి సర్కారీ దవాఖానకు తీసుకెళ్లాం. దారి పొడుగునా సైరన్ వేసే ఉంచాను. ఆ రోజు దానికి అవసరం పడింది అప్పుడే.

సాయంత్రం ఠాణాలో సాహెబ్ నన్ను పిలిచి కూర్చోమన్నాడు. నీళ్లు తాగమన్నాడు.

"చూడు, భయపడకు. ఒక కొట్లాట గురించి కాల్ వచ్చింది, మనం గక్కడికి పోతున్నం. ఆమె ఒక్కసారే అడ్డం ఉరికింది. నువ్వు తప్పించవోయినవ్. గంతే. అర్పిత రాస్తది."

అర్పిత మా ఠాణాలో రాతపని చూసే కానిస్టేబుల్. నాందేడ్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. నాకు అక్కడున్న ఒకే ఒక స్నేహితురాలు. రోజూ ఇద్దరం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకునేవాళ్లం. ఆమె స్టేషన్ డైరీలో మధ్యాహ్నం రాతల మధ్య ఖాళీ ఉన్న చోట ఆ కాల్ రాసింది. నా జబాబు కూడా తనే రాసింది. వాంగ్మూలాన్ని మేం జబాబ్ అంటాం. మరాఠీలో పేజీన్నర. సంతకం పెట్టే ముందు చదివాను. అన్నిట్లోకీ ఒక్క మాట దగ్గర నా కళ్లు ఆగాయి. "అచానక్ ధావత్ ఆలీ" అని ఉంది. ఒక్కసారిగా పరుగెత్తి వచ్చింది.

"పెట్టు శుభా" అంది అర్పిత మెల్లగా. "నౌక్రీ పోతే మీ బాపును ఎవలు చూస్తరు?"

పెట్టాను.

మూడు రోజుల తర్వాత మరాఠీ పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. నాన్న పేపర్ మొత్తం చదివే మనిషి. నేను డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగాడు.

"ఆమె ఉరికిందా?"

"ఎవలు?"

"నీ బండి తాకినామె."

"ఆఁ. అడ్డం ఉరికింది బాపు."

ఆయన తల ఊపాడు. పేపర్ మడిచి పక్కన పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని బయటికెళ్లాడు. రెండు గంటలకు తిరిగొచ్చాడు. ఆ రోజు నాకు వారపు సెలవు. చెంబుడు నీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, నాతో కాదన్నట్టు చెప్పాడు.

"ఆమె పేరు సుందరాబాయి. ముద్ఖేడ్. పొద్దుగాల రైలుకు తన తోటల పూలు తెచ్చి అమ్మి, పగటి రైలుకు పోతది. మొగడు లేడు. బిడ్డ నిజామాబాద్ అవుతల ఉంటదట, నెలలు నిండినయట, రాలేదు. మన మాట మాట్లాడేటోళ్లు ఆ వార్డుల ఒక్కలు లేరు."

ఆయన చెంబు పక్కన పెట్టాడు.

"కుడి మోకాలు అరిగిపోయిందట. పదేండ్ల సంది కట్టె పట్టుకోనే నడుస్తదట."

తలకు చుట్టిన తువ్వాలు విప్పి మడతపెట్టాడు. తర్వాత అడిగాడు.

"కాల్ యాడికెల్లి వచ్చింది?"

ఆయన ముందు అబద్ధం రెండోసారి నోట్లోంచి రాలేదు. "కాల్ లేదు బాపు. సాహెబ్ సడ్డకుని ఇంట్ల వాస్తుశాంతి ఉండె. జేవణానికి పోతుంటిమి."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఏదో లెక్క తప్పినవాడిలా నా ముఖం చూశాడు.

"ముప్పై ఒక్క ఏండ్లు సైరన్ ఇన్నప్పుడల్లా బస్సు ఓరకు తీసిన. యాభై మంది కూసున్న బస్సు. ఘాట్‌ల గూడ తీసిన, మట్టిల దించి మరీ తీసిన. ఎవలిదో పానం పోతున్నదనుకుంటి." కాస్త ఆగాడు. "బువ్వకు పోయేటోళ్లకు గూడ తీసిన్నన్నట్టు."

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మానేశాడంటే పోట్లాడి కాదు. నీళ్లొచ్చాయా, పాలవాడు వచ్చాడా, ఇవి మాట్లాడేవాడు. మిగతా మాటలు పోయాయి. పొద్దున్నే లేచి వంట చేసి, స్టీలు డబ్బా కట్టుకుని పదింటికి దవాఖానకు పోయేవాడు. సాయంత్రం దాకా అక్కడే. నేను ఇంటికొచ్చేసరికి నా వంతు అన్నం గిన్నెలో మూతపెట్టి ఉండేది. ఒక్కదాన్నే తినేదాన్ని. గోడ అవతల పక్కింటివాళ్ల టీవీ, వాళ్ల పిల్లల గోల. ఆ గోలకోసం కిటికీ తెరిచి ఉంచేదాన్ని.

ఠాణాలో అందరూ నాతో మంచిగా ఉండటం మొదలుపెట్టారు. అదివరకు పలకరించని హవల్దార్లు టీ తెప్పించేవారు. నేను వాళ్లలో ఒకదాన్నయ్యాను. రెండేళ్లుగా నేను కోరుకున్నది అదే. ఆ టీ సగం తాగి వదిలేసేదాన్ని. సైరన్ వేయమంటే ఏదో సాకు చెప్పేదాన్ని. సాహెబ్ నన్నొక చూపు చూసి తనే చెయ్యి చాచి వేసేవాడు.

మే చివర్లో నాన్నకు ఎండదెబ్బ తగిలింది. వాంతులు. ఆ రోజు కూడా లేచి వంట చేశాడు. డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెట్టి, వచ్చి పడుకున్నాడు. ఎవరు తీసుకెళ్లాలో చెప్పలేదు. కళ్లు మూసుకున్నాడు. నేను సెలవు పెట్టి, మామూలు చీర కట్టుకుని డబ్బా పట్టుకెళ్లాను.

ఆడవాళ్ల ఎముకల వార్డులో చివరి మంచం. ఆమె కాలికి తాడు కట్టి, తాడు చివర బరువు వేలాడదీశారు. ముఖం నేను గుర్తుపెట్టుకున్నదానికంటే చిన్నది. నన్నూ నా చేతిలో డబ్బానూ చూసింది.

"మారోతన్న బిడ్డవా?"

"ఆఁ."

"అన్నకేమైంది?"

"ఎండ తాకింది పెద్దమ్మా."

"చెప్పిన నేను, గీ ఎండల రాకే అన్నా అని. ఇంటడా?" డబ్బా విప్పుకుంది. "చెల్లె లేదట గదా ఆయనకు. నన్ను చెల్లె అంటడు. ఎవలో ఏందో, దేవుడు పంపినట్టు వచ్చిండు."

అప్పుడు తెలిసింది. తను ఎవరి తండ్రో నాన్న ఆమెకు చెప్పలేదు.

ఆమె పప్పన్నం కలుపుకుంటూ మాట్లాడింది. మాట్లాడే మనిషి దొరికినందుకు ఆగకుండా మాట్లాడింది. మల్లెల ధర గురించి, మనవడో మనవరాలో పుట్టాక చూడటానికి పోగలనా అని. తర్వాత పోలీసుల గురించి.

"కాయితం మీద బొటనేలు పెట్టించుకోని పోయిండ్రు. మరాఠీల చదివిండ్రు. నేనే అడ్డం ఉరికిన్నట. ఏమో బిడ్డా, ఉరికిన్ననేమో."

"నీకు యాదికి లేదా?"

"దెబ్బ తాకినంక ఏం యాదిలేదు. దానికి ముందటిది మంచిగ యాదికున్నది. సగం రోడ్డు దాటిన. సైరన్ ఇన్న. అయ్యో, ఎవలికి ఏమైందో అనుకోని ఆగిన. గాడీలు వచ్చే దిక్కు చూస్తున్న, ఇంక వస్తది, ఇంక వస్తది అని. ఏం రాలే. గంతే." నీళ్లు తాగి, నా వైపు చూసింది. "మరి పోలీసోళ్లు ఉరికినవ్ అంటున్నరు. వాళ్లకు అబద్ధం రాయాల్సిన పనేముంది?"

నిజంగానే అడిగింది. వెక్కిరింపు లేదు. తన కళ్లతో చూసినదానికంటే మా కాగితాన్ని ఎక్కువ నమ్ముతోంది.

"నువ్వు ఉరకలే పెద్దమ్మా. ఆగి ఉన్నవ్. నేను చూసిన."

"నువ్వు గప్పుడు గాడ ఉన్నవా?"

"బండి నడిపింది నేనే. ఉల్టా దిక్కునుంచి వచ్చిన."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్క మంచం వాళ్లు మరాఠీలో ఏదో నవ్వుకుంటున్నారు. ఆమె డబ్బా వైపు చూసి అడిగింది.

"మీ బాపుకు తెల్సా?"

"తెల్సు."

ముద్దను డబ్బాలో వదిలేసింది. డబ్బాను మంచం అంచుకు నెట్టింది. "తీస్కపో." తాడు ఎంతవరకు తిరగనిస్తే అంతవరకు తల గోడవైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను, చెప్పేశానని. ఆయన పడుకునే విన్నాడు. "మంచిగ చేసినవ్" అనలేదు. "రేపు నన్ను రానియ్యదు గావచ్చు" అన్నాడు. ఆ మాటలో ఉన్న దిగులు నాకు అప్పుడే అర్థమైంది. రెండు వారాలుగా ఆయనకూ మాట్లాడే మనిషి ఆమే.

రానివ్వలేదు. ఆయన వార్డు బయట బెంచీ మీద కూర్చుని, డబ్బా ఆయా చేత లోపలికి పంపేవాడు. డబ్బా అట్లాగే తిరిగొచ్చేది. మూడో రోజు ఖాళీగా వచ్చిందట.

ఆ మూడో రోజే నేను శంకర్రావు సాహెబ్ ముందు నిలబడి, జబాబు మార్చి రాసిస్తానని చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నీకు పిచ్చి లేసిందా? ఆమె ఏమన్న అడిగిందా?"

"ఏం అడగలే సాహెబ్."

"మరి? శుభాంగీ, ఒక్క సంగతి చెప్పు నాకు. గదే రోడ్డు మీద, గదే ఆటోవాడు ఆమెను తాకిండనుకో. ఏమైతది? జామీను మీద సాయంత్రం ఇంటికి పోతడు. పొద్దుగాల మళ్ల ఆటో నడుపుకుంటడు. నీకు? సస్పెన్షన్. డిపార్ట్‌మెంట్ విచారణ. ఊరంత ముఖం మీద ఉమ్మేస్తది. తప్పు ఒక్కటే గదా? మనం మనుషులం కామా? పోలీసుకు ఎందుకు ఎక్కువ పడాలె శిక్ష?"

నాకు తెలిసింది ఒక్కటే.

"ఆటో వస్తుంటే ఆమె ఆగకపోతుండె సాహెబ్. చూసుకోని దాటిపోతుండె. మన సైరన్ ఇని ఆగింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం చేత్తో తుడుచుకున్నాడు. "స్టీరింగ్ నీ చేతిల ఉండె. నేను ఒట్టిగనే కూసున్న. గట్లనే చెప్త నేను. తెల్సుకో" అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు అన్నాడు.

"ఎరుకే సాహెబ్."

జూన్ మొదటివారంలో పై ఆఫీసులో కొత్త జబాబు తీసుకున్నారు. విచారణ చేసే అధికారి వయసు మళ్లినవాడు, మరాఠీ మనిషి. మోటారు చట్టాన్ని అమలు చేసేవాళ్లే దాన్ని మీరితే జరిమానా రెండింతలని ఒక సెక్షన్ ఉంది, తెలుసా అని అడిగాడు. ట్రైనింగ్‌లో చదివామని చెప్పాను. అప్పుడేమనుకున్నావని అడిగాడు. క్లాసంతా నవ్వామని చెప్పాను. ఆయన నవ్వలేదు.

పక్కన గుమస్తా టైపు చేస్తున్నాడు. నేను చెబుతున్నది అలవాటు మాటల్లో పెట్టుకుంటూ పోతున్నాడు. తెర మీద ఒక వాక్యం దగ్గర ఆపమన్నాను. "రస్తా ఓలాండత్ అసలేలీ మహిళా" అని ఉంది. రోడ్డు దాటుతున్న మహిళ.

"దాటడం లేదు" అన్నాను. "ఆగి ఉంది."

గుమస్తా అధికారి వైపు చూశాడు. ఆయన తలూపాడు. గుమస్తా వెనక్కి కొట్టి, మళ్లీ టైపు చేశాడు. అంతే జరిగింది. బయటికొచ్చి స్టాండులో నా సైకిల్ తాళం తీశాను. కాసేపు సైకిల్ పట్టుకునే నిలబడ్డాను.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను. నా మీద కేసు పెట్టారు, జామీను దొరికింది, సస్పెండయ్యాను. ఏడాదిన్నరకు మళ్లీ తీసుకున్నారు, కానీ డ్రైవర్‌గా కాదు. ఇప్పుడు జప్తు చేసిన సామాను గదిలో కూర్చుంటాను. పోలీసు స్టీరింగ్ మళ్లీ పట్టలేదు. సుందరాబాయికి రావాల్సిన పరిహారం కేసు ముందుకు కదిలింది నా రెండో జబాబు మీదే. శంకర్రావు సాహెబ్‌కు తాకీదు ఇచ్చి వేరే తాలూకాకు మార్చారు. స్టేషన్ డైరీలో దొంగ కాల్ రాసినందుకు అర్పితను కిన్వట్ అవతల అడవి పక్కన మాండవికి వేశారు. ఆమె కూతురికి అప్పుడు రెండేళ్లు.

ఆమె వెళ్లే రోజు బస్టాండుకు పోయాను. పెట్టెలు ఎక్కించి కిటికీ పక్కన కూర్చుంది. బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది. కిటికీ కింద నిలబడ్డాను.

"నీ కోసమే రాసిన నేను" అంది. "నువ్వు నిజం చెప్పిన దానికి నేను బాధపడుతలే. పోయేముందు నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

నిజమే. చెబితే ఆపుతుందని భయపడ్డాను. బస్సు వెళ్లేదాకా ఆమె మళ్లీ నా వైపు చూడలేదు. అప్పటినుంచి రెండు పండగలకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మూడోదానికి చేయలేదు.

జూన్ పదహారున సుందరాబాయిని ఇంటికి పంపించారు. అప్పటికి రెండు వానలు పడ్డాయి. పొద్దున నాన్న నా గది గుమ్మంలో నిలబడి, "ముద్ఖేడ్ దాక పోతున్న. ఒక్కనితోని అయ్యేటట్టు లేదు" అన్నాడు. నెలరోజుల్లో ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది. వెళ్లాను.

ఆమె నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని అడుగు అడుగు వేస్తోంది. నన్ను చూసి, చూపు వాకర్ మీదికి తిప్పుకుంది. ఆటోలో నాన్న ఒక పక్క, ఆమె ఒక పక్క. నేను డ్రైవర్ పక్కన అంచున కూర్చున్నాను. రైల్వే స్టేషన్‌లో వాకర్ ఆగినచోటల్లా ఆమె నాన్న భుజమే పట్టుకుంది. నేను సంచీ, మందుల కవరు, ఎక్స్‌రే మోసుకుంటూ రెండడుగులు వెనక నడిచాను. మధ్యలో ఒకసారి మెట్టు దగ్గర తూలింది. చెయ్యి చాచాను. పట్టుకోకుండా గోడ పట్టుకుంది.

ప్యాసింజర్ వచ్చింది. పెట్టె మెట్టు ఎత్తుగా ఉంది. నాన్న ముందు ఎక్కి, పైనుంచి ఆమె రెండు చేతులూ పట్టి లాగబోయాడు. ఆయనవల్ల కాలేదు. ఆమె కుడికాలు మోకాలు వంగదు, ఎడమకాలు మీద బరువు వేయకూడదు. గార్డు విజిల్ వేశాడు. ఎక్కేవాళ్లు వెనక తోసుకుంటున్నారు.

ఆమె తల తిప్పి నన్ను చూసింది.

"ఏం చూస్తున్నవ్? పట్టు" అంది.

సంచీ కింద పడేసి రెండు చేతులతో ఆమె నడుము కింద పట్టి ఎత్తాను. నా బండి తగిలిన చోటే. ఆమె బరువు లేదు. ఒళ్లంతా మందుల వాసన. ఒక్క క్షణం ఆమె తల నా మెడ మీద ఆనింది, అంత దగ్గరగా. నాన్న లోపలికి అందుకున్నాడు. సంచీ, కవరు అందించాను.

కిటికీ పక్క సీటు ఎవరో లేచి ఇచ్చారు. నాన్న చెంబు పట్టుకుని నీళ్లకోసం లోపలికి వెళ్లాడు. ఆయన నాలుగు రోజులుండి వస్తానన్నాడు. ఆ వానకాలమంతా అక్కడే ఉన్నాడు. ఆమె తోటలో పూలు కోయించి పొద్దుటి రైలుకు పంపుతూ ఉండిపోయాడు. ఆ తర్వాత ధర్మాబాద్ వెళ్లిపోయాడు. ఇప్పుడు నెలకోసారి వచ్చి రెండు రోజులుంటాడు. మాట్లాడుకుంటాం. అదివరకట్లా కాదు, కానీ మాట్లాడుకుంటాం. ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడు ఇదంతా నాకు తెలియదు. రేపు వస్తాడో ఎల్లుండి వస్తాడో అనుకుంటున్నాను.

రైలు కదలబోతుంటే సుందరాబాయి కిటికీ ఊచల మధ్య నుంచి పిలిచింది.

"ఏయ్ బిడ్డా. నీ పేరేంది?"

మూడు వారాల కిందటే నేనెవరో ఆమెకు తెలుసు. ఆమె బొటనవేలు ముద్ర వేసిన కాగితంలో నా పేరు ఉంది. ఆ పేరు ఎవరూ ఆమెకు విడమరిచి చెప్పలేదు. ఆమె అడగలేదు.

"శుభాంగి" అన్నాను.

రైలు కదిలింది. చప్పుడులో వినబడలేదేమో, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. పెట్టె వెంట నడుస్తూ, తర్వాత పరుగెత్తుతూ, ఇంకోసారి గట్టిగా చెప్పాను.